పదిహేను జతల కాళ్లు లెక్కపెట్టగానే జాతి తేలిపోదు

బ్రిటన్ తోటల్లో రాయి కిందో పూలకుండీ కిందో కనబడే గోధుమరంగు జెర్రిని ఫోటో తీసి, కాళ్లు 15 జతలున్నాయని చూసుకుంటే చాలు, అది లిథోబియస్ ఫార్ఫికేటస్ అనే రాతిజెర్రేనన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ఆ జాతి అక్కడ విరివిగా ఉంటుంది కనుక చెప్పిన పేరు తరచూ సరిపోతుంది. అయితే ఊహ సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు.

మొదటి పొరపాటు లెక్కలోనే ఉంది. 15 జతల కాళ్లు రాతిజెర్రుల వర్గం మొత్తానికీ ఉంటాయి. గోడల మీద పరుగెత్తే పొడుగుకాళ్ల స్క్యూటిజెరాకూ పెద్దయ్యాక అన్నే. (మన ఇళ్లలో వానాకాలం భయపెట్టే పెద్ద జెర్రులకు సాధారణంగా 21 జతలు.) కాళ్లు తక్కువుంటే వేరే జాతి అనడమూ తప్పే, ఎందుకంటే లిథోబియస్ పిల్ల గుడ్డు నుంచి 7 జతలతోనే బయటికి వచ్చి, కుబుసం విడుస్తూ 15కు చేరుకుంటుంది. పైగా వెనక్కి చాచిన చివరి జతను తోక అనుకుని వదిలేసేవారూ ఉన్నారు.

రంగును నమ్ముకోవడం ఇంకా బలహీనమైన పద్ధతి. కుబుసం విడిచిన కొత్తలో ఏ జెర్రి అయినా పాలిపోయి ఉంటుంది.

ఫోటోలో నిజంగా చూడవలసింది వీపు మీది పలకలను. అవి ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగా వరుసగా సాగుతాయి. ఒక్కచోట మాత్రం రెండు పొడవు పలకలు పక్కపక్కనే వస్తాయి, అవే 7, 8. అక్కడి నుంచి తోక వైపుకు లెక్కిస్తే 9, 11, 13వ పొట్టి పలకల వెనుక మూలలు ఫార్ఫికేటస్‌లో మొనదేలి ఉంటాయి. 7వ పలక కూడా అలాగే ఉండి, కాళ్ల మీద అడ్డచారలు కనబడితే అది లిథోబియస్ వేరియేగేటస్. ఫోటోతో ధైర్యంగా పేరు పెట్టగలిగిన కొద్దిపాటి సందర్భాల్లో ఇదొకటి.

మిగిలిన చాలా జాతులను విడదీసే గుర్తులు కడుపు వైపున ఉంటాయి: విషపు కొండీల మొదట్లోని పలక అంచున ఉండే పళ్లు (ఫార్ఫికేటస్‌కు సాధారణంగా 10 లేదా అంతకు మించి, చిన్నదైన లిథోబియస్ మైక్రాప్స్ జాతికి 4), చివరి నాలుగు జతల కాళ్ల మొదళ్లలోని రంధ్రాలు, ఆడదాని జననాంగాల గోళ్లు. పైనుంచి తీసిన ఫోటోలో వీటిలో ఒక్కటీ కనబడదు. అలాంటి ఫోటో కింద ‘లిథోబియస్ ప్రజాతి’ (అంటే లిథోబియస్‌లలో ఏదో ఒక జాతి) అని రాసి ఆగడమే సరైన గుర్తింపు.