పాపం, సీఈవో గారి జీతం

సీఈవోల జీతాల మీద పడి ఏడ్చేవాళ్ళు ఈమధ్య మరీ ఎక్కువయ్యారు. లాభం పడిపోయిన ఏడాదే ఆయన జీతం పెరిగిందట, అదో నేరమట! పడిపోయిన లాభాన్ని చూస్తూ కూర్చోవడానికి ఎంత టెన్షన్? దానికి ఖరీదు కట్టొద్దా?

అసలు జీతం ఆయన పెంచుకోడు. దానికో కమిటీ ఉంటుంది. కమిటీ ఓ కన్సల్టెంటును పెట్టుకుంటుంది. ఆయన ‘మనలాంటి కంపెనీలు’ అంటూ ఓ జాబితా పట్టుకొస్తాడు. అందులో సగం మనకంటే మూడింతలు పెద్దవి. మనవాడు సగటు మనిషి అని ఒప్పుకోవడానికి ఏ బోర్డుకీ నోరు రాదు, కాబట్టి సగటు మీద కాస్త వేసి ఇస్తారు. అన్ని బోర్డులూ అదే పని చేస్తాయి గనక మరుసటి ఏడాదికి సగటే పైకి లేస్తుంది. మనవాడు మళ్ళీ వెనకబడతాడు. పాపం.

బోనస్ మాత్రం ఊరికే రాదు. ఒక్కో షేరుకు వచ్చే లాభం పెరగాలి. లాభం పెంచడం కష్టం, షేర్లు తగ్గించడం తేలిక. కంపెనీ డబ్బుతో కంపెనీ షేర్లే తిరిగి కొంటే సరి. లాభం అక్కడే ఉంటుంది, పంచుకునే షేర్లు తగ్గుతాయి, లక్ష్యం దానంతటదే నెరవేరుతుంది. దీన్నే దార్శనికత అంటారు.

ఇంటి మరమ్మతు సామాన్లు అమ్మే అమెరికా కంపెనీ హోమ్ డిపోలో రాబర్ట్ నార్డెల్లి సీఈవోగా ఉన్న ఆరేళ్ళూ షేరు ధర దాదాపు ఉన్నచోటే ఉంది. ఈ నిలకడను వాటాదారులు అర్థం చేసుకోలేదు. 2006 మేలో వార్షిక సమావేశానికి వచ్చి జీతం సంగతి అడగబోయారు. డైరెక్టర్లలో ఆయన తప్ప ఇంకెవరూ రాలేదు. ఎదురుగా పెద్ద టైమర్లు పెట్టారు. నిమిషం దాటితే ప్రశ్న అయిపోయినట్టే. సభ అరగంటలో ముగిసింది. 2007 జనవరిలో ఆయన వెళ్ళిపోతుంటే దక్కింది సుమారు 21 కోట్ల డాలర్లు. ఉన్నందుకు ఎంతిచ్చారో గానీ, పోయినందుకు ఇచ్చింది మాత్రం సబబే అనిపిస్తుంది.

టైకో అనే బహుళజాతి కంపెనీ అధిపతి డెన్నిస్ కొజ్లౌస్కీ కథ ఇంకా జాలి గొలుపుతుంది. కంపెనీ సొమ్ముతో 6,000 డాలర్ల షవర్ కర్టెన్, గొడుగులు పెట్టుకోవడానికి కుక్క ఆకారంలో 15,000 డాలర్ల స్టాండు కొన్నాడని లోకమంతా నవ్వింది. 2005లో కోర్టు దోషిగా తేల్చింది. గొడుగు తడిస్తే ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక బెర్క్‌షైర్ హాత్‌వే అనే పెట్టుబడుల కంపెనీని నడిపిన వారెన్ బఫెట్. దశాబ్దాల తరబడి ఏడాదికి లక్ష డాలర్ల జీతంతో సరిపెట్టుకుని తోటి సీఈవోల పరువు తీశాడు.

మొన్న నాకు షేర్లున్న కంపెనీ వార్షిక నివేదిక తీశాను. అధ్యక్షుల వారి ఫొటో మొదటి పేజీల్లో, జీతం ఎక్కడో వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో. భూతద్దం పెట్టి సున్నాలు లెక్కపెట్టాను. అంత గొప్పాయనకు నాలాంటి చిన్న వాటాదారు ఉండటం నామోషీ అనిపించింది. మర్నాడు పొద్దున్నే ఉన్న షేర్లన్నీ అమ్మేశాను.