సవరణ: పెయ్యదూడ ఖాయమేమీ కాదు

ఆవులు, గేదెలకు పెయ్యదూడలే పుట్టేలా ఏరిన వీర్యం, అంటే సెక్స్ సార్టెడ్ సెమెన్ గురించి మొన్న రాసిన పోస్టులో, అది వేయిస్తే నూటికి నూరు శాతం పెయ్యదూడే పుడుతుందన్నాను. తప్పు. దాదాపు 90 శాతమే. పది ఈతల్లో ఒకటి కోడెదూడ కావచ్చు.

దాన్ని ‘జన్యువులు మార్చిన వీర్యం’ అని కూడా రాశాను. అది ఇంకా పెద్ద తప్పు. అక్కడ జన్యువుల్ని ఎవరూ ముట్టుకోరు, జరిగేది ఏరివేత మాత్రమే. పెయ్యనిచ్చే ఎక్స్ వీర్యకణంలో డీఎన్ఏ, కోడెనిచ్చే వై కణంలో కంటే సుమారు 4 శాతం ఎక్కువ. డీఎన్ఏకి అంటుకునే రంగు కలిపి, కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపితే ఎక్స్ కాస్త ఎక్కువ మెరుస్తుంది. ఆ మెరుపు చూసి యంత్రం ఆ కణమున్న బొట్టుకు విద్యుదావేశం ఇచ్చి పక్కకు లాగేస్తుంది. అంత చిన్న తేడాతో సెకనుకు వేల కణాల్ని ఏరడం నాకు ఇప్పటికీ వింతే.

ఈ తతంగంలో కణాలు కొంత దెబ్బతింటాయి. పైగా మామూలు స్ట్రాలో (ఒక డోసు వీర్యం నింపిన సన్న గొట్టం) కోటిన్నర, రెండు కోట్ల కణాలుంటే, ఇందులో చాలావరకు 20 లక్షలే. అందుకే చూడి కట్టే రేటు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెయ్యలకే, ఎద సరిగ్గా చూసుకుని వేయించమనేది ఇందుకే. పాత పోస్టులో ఆ రెండు తప్పు వాక్యాలూ తీసేశాను.