దాచిన ప్రతి వస్తువుకీ కారణం రాసి ఉండాలి

బ్రిటిష్ మ్యూజియంలో కనీసం 80 లక్షల వస్తువులున్నాయి. ఎప్పుడు చూసినా జనం కళ్లబడేవి దాదాపు 80 వేలే. మిగతావాటిని ఎందుకు దాచారన్న అనుమానం సహజమే. అయితే ఏ మ్యూజియంలోనైనా కొన్ని రకాల వస్తువులు గిడ్డంగిలో ఉండటమే అందరికీ క్షేమం.

స్టఫ్ చేసిన పాత జంతువులనే చూడండి. పురుగు పట్టకుండా చర్మం లోపలివైపు ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు. 18వ శతాబ్దంలో మొదలైన ఈ పద్ధతి 20వ శతాబ్దంలోనూ సాగింది. కాలక్రమంలో ఆ విషం ఈకల మొదళ్లలో, కళ్ల చుట్టూ, కుట్ల వెంట తెల్లటి పొడిగా బయటపడొచ్చు. పొడి కనబడలేదు కదా అని ధీమా పడకూడదు. వస్తువులో ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరంతో పరీక్షించాకే నిర్ణయించాలి. అప్పటిదాకా నైట్రైల్ గ్లౌజులు లేకుండా తాకకూడదు. దుమ్ము తీయడానికి మామూలు వాక్యూమ్ క్లీనర్ పెడితే సన్నటి పొడి వెనకనుంచి గదంతా చిమ్ముతుంది. అతి సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదే వాడాలి.

పాతకాలపు సినిమాలకు వాడిన నైట్రేట్ ఫిల్మ్ ఇంకా మొండిది. మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కనుక అంటుకున్నాక నీళ్లలో ముంచినా ఆరదు. పాడవుతున్నప్పుడు వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు తేమతో కలిసి ఆమ్లమై, మిగిలిన ఫిల్మును కూడా తినేస్తాయి. మొదట బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత రీలు జిగటగా మారి బుడగలొస్తాయి, చివరికి గోధుమరంగు పొడి మిగులుతుంది. భద్రమనుకుని గాలి చొరని డబ్బాలో బిగిస్తే ఆ వాయువులు లోపలే చిక్కి నాశనాన్ని తొందరపెడతాయి. గాలాడే డబ్బా, చల్లటి పొడి గది, మిగతా సేకరణకు దూరం: ఈ మూడూ తప్పనిసరి.

వస్త్రాలకూ నీటిరంగుల చిత్రాలకూ వెలుతురే శత్రువు. సాధారణంగా పాటించే పరిమితి 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలమానం). అందులో పది గంటలుంచినా, 500 లక్స్‌లో ఒక గంట ఉంచినా పడే మోతాదు ఒకటే. చీకట్లో పెడితే నష్టం ఆగుతుందే తప్ప పోయిన రంగు తిరిగి రాదు.

ఇవన్నీ దాచడానికి న్యాయమైన కారణాలు. అసలు ప్రమాదం లెక్క లేకుండా దాచడంలో ఉంది. 2023లో బ్రిటిష్ మ్యూజియం నుంచి దాదాపు 2,000 వస్తువులు పోయాయనో, దొంగిలించారనో, పాడయ్యాయనో తేలింది. వాటిలో చాలావాటికి సరైన నమోదే లేదు. ఫొటో, కొలతలు, నమోదు సంఖ్య లేని చిన్న రత్నం అమ్మకానికి కనబడినా ఇది మాదేనని రుజువు చేయడం చాలా కష్టం.

ఆ మ్యూజియంలోనే ఇథియోపియా చర్చిల పవిత్ర పలకలైన తాబోత్‌లు 11 ఉన్నాయి. చాలావరకు 1868లో ఇథియోపియాలోని మక్డాలా కోటను బ్రిటిష్ సైన్యం దోచుకున్నప్పుడు పోయినవే. బైబిల్‌లో పది ఆజ్ఞల పలకలుంచిన పెట్టె అయిన నిబంధన మందసానికి ప్రతీకలైన ఈ పలకలను ఇథియోపియా ఆర్థడాక్స్ చర్చి పూజారులు తప్ప ఇతరులు చూడకూడదు. మ్యూజియం ఆ నియమాన్ని గౌరవించి తన సిబ్బందికి కూడా చూపడం లేదు. మరి ఎవరి కోసం ఉంచినట్టు? తిరిగి ఇవ్వడానికి 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం అడ్డమంటారు. కానీ అట్టిపెట్టుకోదగినది కాదని మ్యూజియాన్ని నడిపే ట్రస్టీలు భావించిన వస్తువును, విద్యార్థుల ప్రయోజనానికి భంగం లేకపోతే, వదులుకోవచ్చని ఆ చట్టంలోని 5వ సెక్షనే చెబుతోంది. ఎవరూ చూడని, చదవని వస్తువు విషయంలో భంగపడే ప్రయోజనం ఏముందో ట్రస్టీలు చెప్పాలి.