డబ్బా మీద లీటర్లు చూసి రీఫ్ ట్యాంకుకు పంపు కొనకండి

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు (కోరల్స్) పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టేవాళ్లు లైటు గురించి నెలల తరబడి చదువుతారు, ఏ ఉప్పు మంచిదని వాదించుకుంటారు. పంపు దగ్గరికొచ్చేసరికి మాత్రం గంటకు ఎన్ని లీటర్లని డబ్బా మీద రాసుందో చూసి కొనేస్తారు. తర్వాత కోరల్స్ ఒక్కొక్కటే ముడుచుకుపోతుంటే నింద లైటు మీదికో నీళ్ల మీదికో పోతుంది. ఇది చూస్తుంటే బాధేస్తుంది. ఎందుకంటే చాలా ట్యాంకుల్లో అసలు లోపం ప్రవాహంలోనే ఉంటుంది.

కోరల్‌కి మొప్పల్లేవు, చోటు మారలేదు. దాని ఒంటిని అంటిపెట్టుకుని పలచని నిలవనీటి పొర ఒకటుంటుంది. ఆక్సిజన్ లోపలికి రావాలన్నా, వ్యర్థాలు బయటికి పోవాలన్నా ఆ పొరను దాటాల్సిందే. ప్రవాహం పెరిగేకొద్దీ ఆ పొర పలచబడుతుంది. పగలైతే కోరల్ కణజాలంలో ఉండే ఆల్గే ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదీ ఉండదు, కదిలే నీరే దిక్కు. అందుకే రాత్రి వేవ్‌మేకర్లను (ట్యాంకు లోపల నీటిని తిప్పే పంపులను) పూర్తిగా ఆపేయడం నాకు ససేమిరా నచ్చదు. కావాలంటే వేగం సగానికి తగ్గించండి, ఆపకండి.

సంప్ (ట్యాంకు కింద ఉండే వడపోత తొట్టి) ఉన్న ట్యాంకులో పంపులు చేసే పనులు రెండు. సంప్ నుంచి నీటిని పైకి తెచ్చేది రిటర్న్ పంపు. ట్యాంకు లోపల నీటిని తిప్పేది వేవ్‌మేకర్. ఈ రెండో పని కూడా రిటర్న్ పంపు మీదే వేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రిటర్న్‌కి ట్యాంకు నీటికి 3 నుంచి 5 రెట్లు, అంటే 300 లీటర్ల ట్యాంకుకు గంటకు 900 నుంచి 1,500 లీటర్లు నిజంగా చేరితే చాలు. అంతకన్నా బాగా పెంచితే ఓవర్‌ఫ్లో (పై నీరు సంప్‌లోకి దిగే దారి) తట్టుకోలేదు, చప్పుడు పెరుగుతుంది, సన్న బుడగలు ట్యాంకులోకి వస్తాయి. లోపలి ప్రవాహం లెక్క వేరు. మెత్తని కోరల్స్‌కి 10 నుంచి 20 రెట్లు సరిపోతుంది. ఆక్రోపోరా లాంటి చిన్న పాలిప్స్ (కోరల్‌లోని బుల్లి జీవులు) ఉండే రాతి కోరల్స్‌కి 30 నుంచి 50 రెట్లు కావాలి. 300 లీటర్లకు 40 రెట్లంటే గంటకు 12,000 లీటర్లు. ప్రొపెల్లర్ రకం పంపులు రెండు ఆ పని తక్కువ కరెంటుతో చేసేస్తాయి.

ఇక డబ్బా మీది అంకె సంగతి. అది నీటిని అసలు ఎత్తకుండా కొలిచిన అంకె. గరిష్ఠ హెడ్ (పంపు నీటిని నెట్టగల ఎత్తు) 3 మీటర్లు అని రాశారంటే 3 మీటర్ల ఎత్తులో చుక్క కూడా రాదని అర్థం. మీ ట్యాంకుకు ఎత్తు ఎంతో సంప్‌లో నీటి మట్టం నుంచి పై నీటి మట్టం దాకా కొలవండి, ఆ ఎత్తులో ఎంత వస్తుందో తయారీదారు ఇచ్చే గ్రాఫులో చూడండి. ప్రతి ఎల్బో (పైపు వంపు), ప్రతి వాల్వు ఇంకొంత మింగేస్తాయి. పంపు నోటికన్నా సన్నని పైపు వేయకండి, ఒక సైజు పెద్దదైతే ఇంకా మంచిది. 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీలవి వాడండి. బిగించాక రిటర్న్ నోటి దగ్గర 10 లీటర్ల బకెట్ పట్టి చూడండి. 24 సెకన్లలో నిండితే గంటకు 1,500 లీటర్లు. ఎక్కువైతే వాల్వుతో తగ్గించవచ్చు, కానీ ఆ వాల్వు పంపు దాటాక ఉండాలి. పీల్చే వైపు బిగిస్తే పంపు నీరందక గరగరలాడుతుంది, తొందరగా పాడవుతుంది.

వేడి సంగతి చాలామందికి తట్టదు. నీటిలో మునిగిన పంపు తాగే కరెంటు దాదాపు మొత్తం చివరికి ఆ నీటిలోనే వేడిగా మిగులుతుంది. 100 వాట్ల పంపు రోజుకు 2.4 యూనిట్లు తాగుతుంది. ఆ వేడి ఎటూ పోకపోతే 300 లీటర్ల నీరు సుమారు 7 డిగ్రీలు పెరుగుతుంది. కొంత గాలిలోకి పోతుంది, మిగతా భారం చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) మోస్తుంది. కాబట్టి లీటర్లతోపాటు వాట్లు కూడా పోల్చండి.

వేవ్‌మేకర్ విషయంలో నా మాట ఒక్కటే: పెద్దది ఒకటి కాదు, చిన్నవి రెండు. ఒకటి ఆగినా రెండోది ట్యాంకును కాపాడుతుంది. ఎదురెదురు గోడలకు పెట్టి ప్రవాహాలు మధ్యలో ఢీకొనేలా చూడండి. ఒకదాన్ని కాస్త పైకి తిప్పి నీటి ఉపరితలం అల్లాడేలా చేయండి, ఆక్సిజన్ చేరేది అక్కడే. సన్నని ధార నేరుగా ఏ కోరల్‌నీ కొట్టకూడదు. హ్యామర్, టార్చ్ లాంటి కోరల్స్ కండ ఎముక నుంచి ఊడిపోతుంది. రాళ్ల వెనక మడ్డి పేరుకుంటుంటే అక్కడ నీరు కదలడం లేదు. ఇసుక గుంట పడుతుంటే పంపు దిశ మార్చండి.

డీసీ పంపులో వేగం మార్చుకోవచ్చు, కరెంటు పోతే బ్యాటరీ మీద నడిపించడమూ తేలిక. అయితే దాని అడాప్టరూ కంట్రోలరూ కూడా పాడయ్యే భాగాలే, అదనంగా ఒక సెట్టు దగ్గరుంచుకోండి.

ట్యాంకు నింపిన రోజే ప్లగ్ తీసి చూడండి. పంపు ఆగగానే రిటర్న్ నోరు మునిగి ఉన్నంత మేర పై నీరు సైఫన్ అయి కిందికి దిగుతుంది. అది పట్టేంత ఖాళీ సంప్‌లో లేకపోతే మిగతాది నేల మీదే. నోరు ఉపరితలానికి 2 సెంటీమీటర్ల లోతుకు మించకుండా పెట్టండి. చెక్ వాల్వుని (నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వుని) మాత్రం నమ్ముకోవద్దు, ఒక చిన్న నత్త ఇరుక్కున్నా అది మూసుకోదు. ప్లగ్గులన్నీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) మీదే ఉండాలి, నీటి చుక్కలు ప్లగ్‌లోకి పోకుండా వైరు ప్లగ్ కన్నా కిందికి వేలాడి పైకి రావాలి.

మూడు నెలలకోసారి పంపు విప్పండి. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి ఓ గంట అందులో తిప్పితే సున్నపు పెచ్చులు కరుగుతాయి. సిరామిక్ షాఫ్టు పెళుసు, నెమ్మదిగా లాగండి. ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) అయస్కాంతం ఉబ్బినా, పైపూత చిట్లినా దాన్ని తిరిగి పెట్టొద్దు. లోపలి లోహం తుప్పుపట్టి నీళ్లలో కలుస్తుంది.