అన్నావట!

ఉప్మా సగంలో ఉండగా గ్యాస్ అయిపోయింది. సిలిండర్ బుక్ చేయమని సోమవారమే చెప్పాను. ఆ మాటే అంటే మా ఆయన కళ్లజోడు సర్దుకుని, ఫోన్లో చూసుకుంటూ, ‘మార్చిలో కూడా పొద్దున్నే ఇలాగే అన్నావట’ అన్నారు.

అన్నావట! ‘ట’ ఏమిటండీ? ఆ రోజు ఎదురుగా కూర్చుని విన్నది తమరే కదా? కాదు, వినడం ఈయన పని, గుర్తుపెట్టుకోవడం ఆ ఏఐ యాప్ పని. ఆరు నెలలుగా పడుకునే ముందు మా గొడవలన్నీ దానికి చెప్పుకుంటున్నారట (చూశారా, నాకూ అంటుకుంది ఈ ‘ట’). తీసుకుని చదివాను. ‘మీరు చాలా ఓపిక ఉన్న మనిషి’ అని రాసింది. ఓపిక! సిగ్నల్ దగ్గర హారన్ మీద నుంచి చెయ్యి తీయని మనిషికి!

డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేదాన్ని నేను. 1966లో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీలో వైజెన్‌బామ్ అని ఒక ప్రొఫెసర్ ఎలిజా అనే ప్రోగ్రామ్ రాశాడు. మనం అన్నమాటే తిప్పి మనల్ని అడగడం తప్ప పెద్దగా ఏమీ రాదు దానికి. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగింది. ఏటా ఈ కథ చెప్పి క్లాసును నవ్వించేదాన్ని. ఇప్పుడు ఆ సెక్రటరీ లుంగీ కట్టుకుని మా హాల్లో కూర్చుంది.

ఎలిజా నయం, నిన్నటి తగువు ఇవాళ తవ్వదు. దీనికి అన్నీ గుర్తే, అదీ ఆయన చెప్పినవే. పక్కింటి పిన్నిగారు పంచాయితీ చేసినా ‘నీదీ తప్పుంది నాయనా’ అనేవారు. ఇది చచ్చినా అనదు. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ మరీ భజన చేస్తోందని కంపెనీ వాళ్లే ఒక అప్‌డేట్ వెనక్కి తీసుకున్నారు. ఆగస్టులో పాత మోడల్ తీసేస్తే ఇంట్లో మనిషి పోయినంత గోల పెట్టారు జనం. డబ్బు కట్టేవాళ్లకు మళ్లీ ఇచ్చారు. ఆప్యాయతకు నెల చందా! మా ఆయనా ఏదో కడుతున్నారు. గ్యాస్ బుక్ చేయడానికే తీరిక లేదు.

అంత జ్ఞాపకశక్తి ఉంది కదా అని, ఆయన స్నానానికి వెళ్లగానే నేనే అడిగాను. 2011లో ఆడపడుచు సీమంతానికని పట్టుకెళ్లిన ఐదు కాసుల చంద్రహారం ఏదీ అని. ‘మీ చెల్లెలి గురించి ఎప్పుడూ ఎంతో ప్రేమగా చెప్తారు, హారం సంగతి మాత్రం చెప్పలేదు’ అంది.

చెప్పరు. ఎందుకు చెప్తారు? మొన్న ఆవిడ కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలు గ్రూపులో పెట్టారు. జూమ్ చేసి చూశాను. పతకంలో ఎడమవైపు రాయి ఊడిపోయింది.