లావు అమ్మాయి కథ చెప్పడం లావును పొగడటం కాదు

జూలీ మర్ఫీ నవల ‘డంప్లిన్’ 2015లో వచ్చింది, 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా అయింది. కథ టెక్సాస్‌లోని ఒక చిన్న ఊళ్లో జరుగుతుంది. విల్లోడీన్ లావుగా ఉండే టీనేజీ పిల్ల. వాళ్లమ్మ ఒకప్పుడు ఊళ్లో అందాల పోటీ గెలిచింది, ఇప్పుడు ఆ పోటీని తనే నడుపుతోంది. కూతురు దానికే పేరిస్తుంది. ఇలాంటి పుస్తకాల మీద ఒక మాట తెగ తిరుగుతోంది: ఇవి లావును గొప్పగా చూపిస్తాయి, సన్నగా ఉన్న ఫ్రెండ్‌ను విలన్‌ను చేస్తాయి, చదివిన పిల్లలు ఆరోగ్యాన్ని గాలికొదిలేస్తారు అని. మూడూ తప్పే.

గొప్పగా చూపించడం ఎక్కడుంది? విల్లోడీన్‌ను కన్నబిడ్డలా చూసుకున్న లూసీ, వాళ్లమ్మ తోబుట్టువు, విపరీతమైన బరువుతో ఉండి 36 ఏళ్లకే గుండెపోటుతో పోయింది. రచయిత్రి ఆ సంగతి దాచలేదు. లూసీ వస్తువుల్లో అదే పోటీ దరఖాస్తు ఒకటి దొరుకుతుంది. ఎప్పుడో తెచ్చుకుని, ఇవ్వకుండానే ఉంచేసుకుంది. విల్లోడీన్‌కైనా ధైర్యం అన్నివేళలా ఉండదు. తను ఇష్టపడే బో అనే కుర్రాడు ముద్దు పెట్టుకుంటూ ఒంటి మీద చెయ్యి వేయగానే బిగుసుకుపోతుంది, తన మడతలు అతని చేతికి తగిలాయని. అక్కడ పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. (ఇద్దరు కుర్రాళ్లు ఒకేసారి ఆమెను ఇష్టపడటం మాత్రం నాకు అతిగానే అనిపించింది.)

ఇక ఎలెన్. సన్నగా ఉంటుంది, విల్లోడీన్‌కు ప్రాణస్నేహితురాలు. తోడుగా ఉందామని తనూ పేరిస్తుంది. నువ్వు తప్పుకో, నువ్వైతే నిజంగానే గెలుస్తావు అంటుంది విల్లోడీన్. ఎలెన్ ఒప్పుకోదు, ఇద్దరికీ మాటలు ఆగిపోతాయి. ఆ గొడవలో తప్పు ఎక్కువ మన కథానాయికదే. దీన్ని చదివి ఎలెన్ విలన్ అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఆరోగ్యం మాట. సిగ్గుపడేలా చేస్తే పిల్లలు ఒళ్లు తగ్గించుకుంటారా? తొమ్మిదో తరగతిలో నేను పరుగెడుతుంటే వెనక నుంచి "ట్రాక్టరొస్తోంది, తప్పుకోండ్రా" అని అరిచారు. మర్నాటి నుంచి పీటీ పీరియడ్‌కు కడుపునొప్పని క్లాసులోనే కూర్చున్నాను. కబడ్డీ ఆడే మా ఫ్రెండ్ రెండు రోజులు ఆట మానేసి నా పక్కనే కూర్చుంది. మూడో రోజు నా చున్నీ కొస తనే నడుముకు బిగించి కట్టి, "అరిచేవాళ్ల సంగతి నేను చూసుకుంటాలేవే, పద" అంది. ఆ రోజు మళ్లీ పరుగెత్తాను.