నీల్ దీవిలో గడియారం కన్నా తిథి ముఖ్యం

అండమాన్‌లోని నీల్ దీవికి 2018లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు. ఊళ్ల పేర్లు ఎక్కువగా రామాయణంలోవే: రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, సీతాపూర్. దీవి ఈ కొస నుంచి ఆ కొసకు సైకిల్ తొక్కుకుంటూ తాపీగా వెళ్లిపోవచ్చు. ఇంత చిన్నది కాబట్టే, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్ నుంచి పొద్దున ఓడెక్కి, మూడు బీచ్‌లు చుట్టేసి, సాయంత్రానికి తిరిగొచ్చేయవచ్చని టూర్ ప్యాకేజీలు చెబుతుంటాయి.

ఆ లెక్క తప్పు. అక్కడ ముఖ్యంగా చూడాల్సినవి రెండు. భరత్‌పూర్ ఒడ్డున పగడపు దిబ్బలు చూడాలంటే నీరు నిండుగా ఉండాలి. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లోని సహజ శిలా వంతెన దగ్గరికి నడవాలంటే నీరు వెనక్కి పోయి ఉండాలి. ఒకటి పోటు వేళ, ఇంకొకటి ఆటు వేళ. రెంటికీ మధ్య ఆరు గంటలకు పైగా తేడా. ఓడ వేళల మధ్య ఇరుక్కున్న నాలుగైదు గంటల్లో రెండూ సరిగ్గా కుదరడం అదృష్టమే.

కుదరకపోతే నష్టం రెండు వైపులా ఉంటుంది. ఆటు వేళ భరత్‌పూర్‌లో దిగితే నీరు మోకాలి లోతే. ఈతరాని మనిషి కాస్త తడబడగానే కాలు నేలకు ఆనిస్తాడు. ఆ నేల చాలాచోట్ల బతికున్న పగడమే. బండలా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. అంటే ఫుట్‌బాల్ అంత గుండ్రని దిబ్బ వెనక దాదాపు పదేళ్లున్నాయి. దాని మీద ఒక్కసారి నిలబడితే పైపొర చితికిపోతుంది, కాలు కోసుకుపోతుంది. పగడం గాటు త్వరగా మానదు కూడా. అదే పోటు వేళ వంతెనకు వెళ్తే రాళ్ల మీది దారి నీళ్లలో ఉంటుంది. దూరం నుంచి ఫోటో తీసుకుని వెనక్కి రావడమే.

కాబట్టి టికెట్టు కొనేముందు చూడాల్సింది తిథి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో, అంటే పాడ్యమి, విదియల్లో సముద్రం బాగా లాగుతుంది, బాగా పొంగుతుంది. వంతెన దగ్గర నడవడానికి ఇవే మంచి రోజులు. అష్టమి నుంచి దశమి దాకా తేడా తక్కువ, ప్రవాహం నెమ్మది. కొత్తగా స్నార్కెలింగ్ (మాస్కు, శ్వాస గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగును చూడటం) చేసేవాళ్లకు ఈ రోజులు నయం. ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. కచ్చితమైన వేళల కోసం సర్వే ఆఫ్ ఇండియా పట్టికలున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా అంచనాలు ఇస్తుంది.

వంతెన దగ్గరికి ఆటు పూర్తవడానికి గంట ముందే చేరాలి. ఎందుకో లెక్కేస్తే తెలుస్తుంది. నీరు ఆరు గంటల్లో ఒకే వేగంతో పెరగదు. మొత్తం పెరుగుదలను పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడో, నాలుగో గంటల్లో మూడేసి, తర్వాత రెండు, ఒకటి. తేడా రెండు మీటర్లున్న రోజున మూడో గంటలోనే అర మీటరు పెరుగుతుంది. గుంటల్లో పీతలను చూస్తూ కూర్చున్నవాళ్లు తలెత్తేసరికి వచ్చిన దారి నీళ్లలో ఉండేది అందుకే. ఆటు దాటి గంటన్నర కాగానే వెనక్కి బయలుదేరాలి.

ఆ రాళ్లు పాత పగడం గడ్డకట్టినవి. ఎండిన చోట గరుకు, నాచు పట్టిన చోట జారుడు. హవాయి చెప్పులు పనికిరావు. మడమకు పట్టీ ఉన్న, అడుగు గరుకుగా ఉన్న చెప్పులు వేసుకోవాలి. గుంటల్లో కనిపించే నల్లటి సముద్ర దోసకాయలను చేత్తో ఎత్తి చూపించే అలవాటు మానాలి. అవి వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు.

స్నార్కెలింగ్‌లో ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది మాస్కు. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి. చేయి వదిలినా అది నిలిస్తే సరిపోయినట్టు. మీసం ఉన్నవాళ్లకు పైపెదవి దగ్గర నీళ్లు కారతాయి. పట్టీ ఎంత బిగించినా ఆగవు, బిగిస్తే ఇంకా కారతాయి. ముక్కు కింద సన్నగా గీయించుకోవడం, లేదా అక్కడ సిలికాన్ గ్రీజు రాయడం పరిష్కారం. ముందుగా నడుము లోతులో, కింద ఇసుకే ఉన్నచోట పది నిమిషాలు నోటితో శ్వాస తీయడం అలవాటు చేసుకోవాలి. సన్‌స్క్రీన్ మెత్తుకునే బదులు పొడుగు చేతుల ఈత చొక్కా మేలు.

ఇంకో సంగతి ప్యాకేజీల్లో ఎవరూ రాయరు. దీవి 93 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరుంది. మన గడియారం 82.5 డిగ్రీలది. సూర్యుడు గడియారం కన్నా సుమారు 42 నిమిషాలు ముందు నడుస్తాడు. నడినెత్తికి వచ్చేది 11.15 ప్రాంతంలోనే. నీటి అడుగు రంగులు బాగా కనిపించేది పదింటి నుంచి పన్నెండు దాకా. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దుగూకుతుంది. లక్ష్మణ్‌పూర్ మొదటి బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగున్నరకే అక్కడుండాలి. సీతాపూర్ సూర్యోదయానికి మంచిదే, అలలు ఎక్కువ కాబట్టి ఈతకు కాదు. చీకట్లో నీళ్లలోకి, మడ అడవుల పాయల దగ్గరికి వెళ్లకూడదు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి.

రెండు రాత్రులు ఉంటే ఇవన్నీ పరుగు లేకుండా కుదురుతాయి. స్కూబా (గాలి సిలిండరుతో నీటి లోతుకు దిగడం) చేసేవాళ్లు దాన్ని మొదటి రోజే పెట్టుకోవాలి. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. సముద్రం అల్లకల్లోలమైతే ఓడలు రద్దవుతాయి కాబట్టి విమానానికి ముందురోజు పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండటం క్షేమం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం బాగుంటుంది. మే మూడో వారం తర్వాత రుతుపవనాలు వచ్చేస్తాయి.

నీళ్లు అతిగా వేడెక్కిన 2010, 2016ల్లో ఇక్కడి పగడాలు తెల్లబారాయి. వేడిని మనం ఆపలేం, కాలిని ఆపగలం. జెట్టీలో ఓడల వేళల పక్కనే ఆ రోజు ఆటుపోట్ల వేళలు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. నీరు తక్కువున్న వేళ భరత్‌పూర్‌లో మనుషుల్ని దింపడం మానాలి.